అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్ ఉద్యోగం: రాష్ట్రాన్ని బట్టి ఏమేం మారతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

డాక్టర్ కావడానికి పదేళ్లు పైగా పడుతుంది, అంతకన్నా ముందే వైద్యరంగంలో కాలు పెట్టే దారి ఉందా అని అమెరికాలోని తెలుగు ఇళ్లలో పిల్లలు అడిగినప్పుడు ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న మాట ఫిజీషియన్ అసిస్టెంట్, పొట్టిగా పీఏ. కోర్సులో సీటు ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చదువయ్యాక ఏ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తే రోజు ఎలా గడుస్తుందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. ఈ వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి, నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. చట్టాలు ఏటా మారుతుంటాయి. ఉద్యోగ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైట్ తప్పకుండా చూసుకోండి.

పీఏ అంటే అసలు ఎవరు? డాక్టరా, నర్సా?

రెండూ కాదు. పేషెంట్‌ని పరీక్షించడం, టెస్టులు రాయడం, జబ్బేమిటో తేల్చడం, మందులు రాయడం, ఆపరేషన్‌లో సర్జన్‌కి సాయంగా నిలబడడం ఇవన్నీ పీఏ పనులే. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ కోర్సు మొదలుపెట్టారు. నౌకాదళంలో వైద్య సిబ్బందిగా పనిచేసి వచ్చినవాళ్లే తొలి బ్యాచ్. అప్పట్లో డాక్టర్ల కొరత తీర్చడానికి పుట్టిన వృత్తి ఇది, ఇప్పటికీ ఆ కొరత ఎక్కడుంటే అక్కడ పీఏలకు ఎక్కువ బాధ్యత దక్కుతోంది. "అసిస్టెంట్" అన్న మాటకు బదులు "అసోసియేట్" అనాలని పీఏల జాతీయ సంఘం 2021లో తీర్మానించింది. ఆ పేరును చట్టంలోకి తెచ్చిన మొదటి రాష్ట్రం ఒరెగాన్, 2024లో.

చదువు, పరీక్ష దేశమంతా ఒకటే కదా. మరి రాష్ట్రంతో పనేంటి?

నిజమే, చదువు ఒకటే. డిగ్రీ అయ్యాక సుమారు 27 నెలల మాస్టర్స్, అందులో దాదాపు 2,000 గంటలు ఆస్పత్రులు, క్లినిక్కుల్లో శిక్షణ, ఆ తర్వాత 300 ప్రశ్నల జాతీయ పరీక్ష ప్యాన్స్. పాసైతే పేరు చివర పీఏ-సీ, అంటే సర్టిఫైడ్ పీఏ, అని పెట్టుకోవచ్చు. దాన్ని నిలబెట్టుకోవాలంటే రెండేళ్లకోసారి 100 క్రెడిట్ల నిరంతర విద్య చూపించాలి, పదేళ్లకోసారి మళ్లీ పరీక్ష ఉంటుంది.

అక్కడిదాకానే ఉమ్మడి. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. ఎవరి పర్యవేక్షణలో పనిచేయాలి, ఏ మందులు రాయవచ్చు, ఒక డాక్టర్ ఎంతమంది పీఏలను చూసుకోవచ్చు అన్నవన్నీ రాష్ట్ర శాసనసభలే తేలుస్తాయి. మిగతా రాష్ట్రాలన్నీ లైసెన్సులు ఇచ్చేశాక, చివరికి 2000లో మిసిసిపీ ఇవ్వడం మొదలుపెట్టింది. మందులు రాసే అధికారం అందరికన్నా ఆలస్యంగా ఇచ్చింది ఇండియానా, 2007లో. ఇంత వెనకా ముందుగా నడిచిన రాష్ట్రాల్లో పని పద్ధతి ఒకేలా ఉంటుందనుకోలేం.

"సూపర్‌విజన్", "కొలాబరేషన్" అంటారు. రోజువారీ పనిలో తేడా ఏంటి?

సూపర్‌విజన్ రాష్ట్రంలో మీరు చేసే పనంతా ఒక డాక్టర్ మీకు అప్పగించిన పని. కాగితం మీద ఆ డాక్టర్ పేరుండాలి. ఆయన ఉద్యోగం మానేసినా, రిటైరైనా, ఇంకొకరు సంతకం పెట్టేదాకా మీ పని ఆగిపోవచ్చు. పేషెంట్లు అపాయింట్‌మెంట్ తీసుకుని ఉంటారు, మీ లైసెన్స్‌కి ఏ లోటూ ఉండదు, అయినా చూడడానికి వీల్లేదు. ఈ వృత్తిలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టే నిబంధన ఇదే, ఎందుకంటే నష్టపోయేది పేషెంటు.

కొలాబరేషన్ రాష్ట్రంలో అవసరమైనప్పుడు డాక్టర్‌ని సంప్రదించాలి, కష్టమైన కేసును పంపాలి, అంతవరకే. మీ నిర్ణయానికి మీరే బాధ్యులు. మిషిగన్ 2017 నుంచి "సూపర్‌వైజింగ్ ఫిజీషియన్" అన్న మాటే తీసేసి, "పార్టిసిపేటింగ్ ఫిజీషియన్"తో ప్రాక్టీస్ అగ్రిమెంట్ పద్ధతి తెచ్చింది. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి వచ్చిన మార్పుతో పీఏ రాసిన చార్టుల (పేషెంటు వైద్య రికార్డుల) మీద డాక్టర్ మళ్లీ సంతకం పెట్టాలన్న నిబంధన పోయింది. సాయంత్రం ఆరింటికి సంతకాల కోసం డాక్టర్ గది బయట ఎదురుచూసినవాళ్లకు ఆ మార్పు విలువ తెలుస్తుంది.

టెక్సస్ ఇంకా అప్పగింత పద్ధతిలోనే ఉంది. మందులు రాయాలంటే డాక్టర్‌తో లిఖితపూర్వక ఒప్పందం ఉండాలి, అందులో చార్టుల సమీక్ష ఎలా చేస్తారో రాసుండాలి, నెలకోసారైనా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. మంచి డాక్టర్ దొరికితే ఆ నెలవారీ సమావేశం చిన్నపాటి క్లాసులా ఉంటుంది. లేకపోతే తేదీ వేసి సంతకం పెట్టే తంతుగా మిగిలిపోతుంది.

డాక్టర్‌తో ఒప్పందమే అక్కర్లేని రాష్ట్రాలున్నాయా?

ఉన్నాయి. 2019లో ఉత్తర డకోటా దారి తీసింది. అక్కడ ఆస్పత్రుల్లో, క్లినిక్కుల్లో పనిచేసే పీఏ ఫలానా డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం పెట్టుకోనక్కర్లేదు. 2021లో వయోమింగ్, యూటా ఆ దారిలోకి వచ్చాయి. యూటాలో 10,000 గంటల అనుభవం వచ్చాక ఒప్పందం అక్కర్లేదు. 2023లో మోంటానా, అరిజోనా 8,000 గంటల అనుభవాన్ని హద్దుగా పెట్టాయి. వారానికి 40 గంటల లెక్కన 8,000 అంటే దాదాపు నాలుగేళ్లు.

జాబితా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. ఇందులో ఎక్కువ భాగం జనం పలచగా, ఊళ్లు దూరదూరంగా ఉన్న రాష్ట్రాలు. డాక్టర్ దొరకని చోట శాసనసభ పీఏని నమ్మింది. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ చుట్టుపక్కల నిబంధనలు ఇంతగా సడలలేదు.

అయితే మా అమ్మాయి మొదటి ఉద్యోగానికి అలాంటి రాష్ట్రమే మంచిదా?

నా అభిప్రాయం అడిగితే, కాదు. కొత్తగా పాసైనవాళ్లకు స్వేచ్ఛ కన్నా నేర్పే మనిషి ముఖ్యం. డాక్టర్లకు చదువయ్యాక రెసిడెన్సీ అనే ఆస్పత్రి శిక్షణ ఉంటుంది. పీఏకి అది తప్పనిసరి కాదు, చాలామంది నేరుగా ఉద్యోగంలోకే వస్తారు. మొదటి రెండేళ్లలో నేర్చుకున్నదే ఆ తర్వాత చేతికొస్తుంది. చట్టం కఠినంగా ఉన్న రాష్ట్రంలోనైనా, పక్కగదిలో ఓపిగ్గా చెప్పే డాక్టర్ ఉంటే అక్కడే చేరమనండి. మొదటి నెల నుంచే రోజుకు 25 మందిని ఒంటరిగా చూడమనే క్లినిక్ ఏ రాష్ట్రంలో ఉన్నా వద్దనండి. అక్కడ దెబ్బతినేది పీఏ ఒక్కరే కాదు.

ఒక డాక్టర్ ఎంతమంది పీఏలను చూసుకోవచ్చు?

ఫ్లారిడాలో 2021 నుంచి పదిమంది దాకా. అంతకు ముందు నలుగురే. టెక్సస్‌లో మందులు రాసే ఒప్పందాలు పీఏలు, నర్స్ ప్రాక్టీషనర్లు (పై చదువు చదివి మందులు రాసే నర్సులు) కలిపి ఏడుగురు పూర్తికాల ఉద్యోగులకు సమానమైనంత వరకే, ఆస్పత్రుల్లో కొన్ని మినహాయింపులున్నాయి. ఉత్తర డకోటాలో అసలు ఈ లెక్కే లేదు. ఇంటర్వ్యూలో "మీ కింద ఇప్పుడు ఎంతమంది ఉన్నారు" అని డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడొద్దు. పదో మనిషిగా చేరితే మీ సందేహానికి ఆయన ఫోన్ ఎత్తే తీరిక ఎంత ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

మందులు రాయడంలో తేడాలేంటి?

మామూలు మందులు, అంటే బీపీ, షుగర్, యాంటీబయాటిక్స్ లాంటివి అన్ని రాష్ట్రాల్లోనూ పీఏలు రాస్తారు. తేడా వచ్చేది అలవాటుగా మారే ప్రమాదమున్న, ప్రభుత్వం గట్టిగా నియంత్రించే మందుల దగ్గర. వాటిని షెడ్యూల్ 2 నుంచి 5 వరకు విభజించారు. ఓపియాయిడ్ నొప్పి మందులు, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకు) ఇచ్చే అడరాల్ లాంటివి షెడ్యూల్ 2.

ఒక ఉదాహరణ చెబుతాను. టెక్సస్‌లో ఒక క్లినిక్. ఏడీహెచ్‌డీ ఉన్న తొమ్మిదేళ్ల బాబుని తల్లి తీసుకొచ్చింది. మందు బాగా పనిచేస్తోంది, బరువు, బీపీ చూశారు, స్కూల్ నుంచి వచ్చిన ఫారం చదివారు, అదే మోతాదు కొనసాగించాలి. పని అంతా పీఏ చేశారు. కానీ ప్రిస్క్రిప్షన్ డాక్టరే పంపాలి, ఎందుకంటే ఆ రాష్ట్రంలో క్లినిక్‌లో ఉన్న పీఏ షెడ్యూల్ 2 మందు రాయకూడదు. డాక్టర్ ఆ రోజు వేరే బ్రాంచిలో ఉంటే తల్లి మందుల షాపు దగ్గర కారులో కూర్చుని ఎదురుచూడాలి. అదే పీఏ అదే రాష్ట్రంలో ఆస్పత్రి ఎమర్జెన్సీలోనో, ఆస్పత్రిలో చేర్చుకున్న పేషెంట్లకో, హాస్పిస్‌లోనో (చివరి దశ రోగుల సంరక్షణలో) పనిచేస్తుంటే షెడ్యూల్ 2 రాయవచ్చు. సైకియాట్రీ, నొప్పి నివారణ, క్యాన్సర్ విభాగాల్లో పనిచేయాలనుకునేవాళ్లు రాష్ట్రం ఎంచుకునే ముందు చూడాల్సిన మొదటి నిబంధన ఇదే. కెంటకీలోనైతే 2020 దాకా నియంత్రిత మందులు రాసే అధికారమే లేదు. అప్పుడు కూడా షెడ్యూల్ 3 నుంచి 5 వరకే ఇచ్చారు.

రాష్ట్ర లైసెన్స్‌కి తోడు ఫెడరల్ సంస్థ డీఈఏ దగ్గర నమోదు కావాలి. మూడేళ్లకు 888 డాలర్లు. రెండు రాష్ట్రాల్లో ఈ మందులు రాస్తే రెండు నమోదులు. ఆ ఖర్చు యాజమాన్యం పెట్టుకుంటుందేమో ముందే అడగండి, చాలా చోట్ల పెట్టుకుంటారు.

చట్టం ఒప్పుకుంటే ఆస్పత్రి కూడా ఒప్పుకున్నట్టేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. రాష్ట్ర చట్టం చెప్పేది గరిష్ఠంగా ఏం చేయవచ్చో. ఏ పనులు చేయనివ్వాలన్నది ఆస్పత్రి తన సొంత నియమావళిలో రాసుకుంటుంది, దాన్నే ప్రివిలేజెస్ అంటారు. రాష్ట్రం అనుమతించినా, ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీయడం పీఏలు చేయకూడదని ఒక ఆస్పత్రి రాసుకోవచ్చు. వీధికి అటువైపున్న ఇంకో ఆస్పత్రిలో అదే పని రోజూ పీఏలే చేస్తుండవచ్చు. అందుకే నన్ను "ఏ రాష్ట్రం మంచిది" అని అడిగినవాళ్లను "ఏ ఆస్పత్రి, ఏ విభాగం, ఏ డాక్టర్" అని తిరిగి అడుగుతాను. ప్రివిలేజెస్ జాబితా ఒక కాగితం రూపంలో ఉంటుంది. ఆఫర్ వచ్చాక పంపమంటే పంపుతారు.

ఆలోచించాల్సిన విషయం ఇంకొకటుంది. 2020 మార్చిలో కోవిడ్ ఆస్పత్రులను ముంచెత్తినప్పుడు న్యూయార్క్‌లో గవర్నర్ ఉత్తర్వుతో పర్యవేక్షణ నిబంధనలు పక్కనబెట్టారు. మరికొన్ని రాష్ట్రాలూ అదే చేశాయి. ఆపదలో పీఏలు మోసిన ఆ బాధ్యత మామూలు రోజుల్లో ఎందుకు తగదో నాకింకా ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు.

జీతం ఎక్కడ ఎక్కువ?

కేంద్ర కార్మిక గణాంకాల ప్రకారం 2024 మే నాటికి పీఏల మధ్యస్థ వార్షిక జీతం 1,33,260 డాలర్లు. సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ అని అర్థం. కాలిఫోర్నియా, వాషింగ్టన్ పైవరసలో ఉంటాయి, మిసిసిపీ కిందివరసలో.

కాలిఫోర్నియా అంకె చూసి సంబరపడే ముందు అక్కడి ఇంటి అద్దె, రాష్ట్ర ఆదాయపన్ను తీసేసి చూడండి. వాషింగ్టన్, టెక్సస్, ఫ్లారిడా, టెనెసీ, నెవాడాల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయపన్ను లేదు. విభాగాన్ని బట్టి వచ్చే తేడా కూడా చిన్నది కాదు. సర్జరీ, ఎమర్జెన్సీ, డెర్మటాలజీలో పనిచేసేవాళ్లకు ఫ్యామిలీ మెడిసిన్ వాళ్లకన్నా సాధారణంగా ఎక్కువ వస్తుంది.

యాజమాన్యం ఏం లెక్క చూస్తుందో తెలిస్తే బేరం ఆడడం తేలిక. డాక్టర్‌కి ఇచ్చే రేటులో 85 శాతం మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) పీఏ పనికి చెల్లిస్తుంది, ఇది దేశమంతా ఒకటే. 2022 జనవరి నుంచి ఆ డబ్బు నేరుగా పీఏ పేరు మీదే తీసుకునే వీలు కూడా వచ్చింది. మీరు చూసిన పేషెంట్ల బిల్లింగ్ మీ పేరు మీద నమోదవుతోందా, డాక్టర్ పేరు మీదా అని తెలుసుకోండి. రెండోదైతే, జీతం పెంచమన్నప్పుడు మీరు సంపాదించి పెట్టింది ఎంతో చూపించడానికి మీ దగ్గర లెక్క ఉండదు.

పని గంటలు, ఓవర్‌టైమ్ సంగతేంటి?

ఫెడరల్ కార్మిక చట్టం కింద సర్టిఫైడ్ పీఏలను సాధారణంగా వృత్తి నిపుణుల కోటాలో వేస్తారు. నెలజీతం మీద ఉంటే 40 గంటలు దాటినా ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిన పని లేదు. గంటల లెక్కన జీతమిచ్చే ఎమర్జెన్సీ విభాగాల్లో పరిస్థితి మెరుగు. ఆర్థోపెడిక్స్, జనరల్ సర్జరీల్లో ఆన్‌కాల్ ఉంటుంది. ఆ రాత్రులకు విడిగా డబ్బిస్తారా, మర్నాడు సెలవిస్తారా అన్నది రాతలో ఉండాలి. క్లినిక్ ఉద్యోగంలో కనిపించని పని ఇన్‌బాక్స్. టెస్టు రిపోర్టులు, పేషెంట్ల మెసేజీలు, మందుల రీఫిల్ అభ్యర్థనలు ఇంటికొచ్చాక కూడా వస్తూనే ఉంటాయి. దానికంటూ రోజులో సమయం కేటాయించారో లేదో అడగండి.

పల్లె ప్రాంతాల్లో పని ఎలా ఉంటుంది?

అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకునేదీ, ఎక్కువ ఒంటరితనం ఉండేదీ అక్కడే. 25 పడకలు మించని చిన్న ఆస్పత్రులను క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్స్ అంటారు. ఫెడరల్ నిబంధనల ప్రకారం అక్కడ ఎమర్జెన్సీకి పిలిస్తే అరగంటలో చేరుకోగల వైద్యుడు గానీ పీఏ గానీ ఉంటే చాలు, మరీ మారుమూలైతే గంట. అంటే అర్ధరాత్రి గుండెపోటుతో వచ్చిన రైతుని చూసేది ఒక్క పీఏ, ఒక నర్సు కావచ్చు. డాక్టర్ ఫోన్‌లో ఉంటారు, హెలికాప్టర్ రావడానికి టైం పడుతుంది. ఐదారేళ్ల అనుభవం ఉన్న పీఏలు ఈ పనిని ప్రాణంగా ప్రేమించడం చూశాను. కొత్తవాళ్లకు మాత్రం ఇది భారం.

వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేస్తే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ అనే ఫెడరల్ పథకం చదువు అప్పులో కొంత తీరుస్తుంది. దానికి అమెరికా పౌరసత్వం ఉండాలి, గ్రీన్‌కార్డు సరిపోదు. 2026 జులై నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్లు (మాస్టర్స్ లాంటి పై చదువులకు ఇచ్చే ఫెడరల్ అప్పులు) ఉండవు కాబట్టి ఇలాంటి పథకాల విలువ పెరుగుతుంది.

ఉద్యోగం మానేస్తే దగ్గర్లో ఇంకోచోట చేరకూడదన్న షరతు చెల్లుతుందా?

దాన్ని నాన్‌కంపీట్ అంటారు, రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా, ఉత్తర డకోటా, ఓక్లహోమాల్లో చాలాకాలంగా చెల్లదు. మిన్నెసోటాలో 2023 జులై 1 నుంచి రాసుకున్నవి చెల్లవు. టెక్సస్ 2025 సెప్టెంబర్ నుంచి పీఏలకు కూడా హద్దు పెట్టింది: ఏడాదికి మించకూడదు, ఐదు మైళ్లకు మించకూడదు, డబ్బు కట్టి బయటపడే వీలుండాలి, ఆ డబ్బు ఒక ఏడాది జీతాన్ని మించకూడదు. దేశమంతా రద్దు చేయాలన్న ఫెడరల్ ప్రయత్నాన్ని 2024లో టెక్సస్‌లోని కోర్టు కొట్టేసింది. పిల్లల స్కూలు, ఇంటి లోన్ ఒకచోట ఉన్నవాళ్లకు పాతిక మైళ్ల నాన్‌కంపీట్ అంటే ఊరు వదలమన్నట్టే. సంతకానికి ముందు లాయర్‌కి చూపించే ఖర్చు వృథా కాదు.

మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలి?

వైద్యంలో పొరపాటు జరిగిందని పేషెంటు దావా వేస్తే ఆదుకునే బీమా ఇది. యాజమాన్యమే కట్టాలి, దాదాపు అందరూ కడతారు. చూడాల్సింది "టెయిల్" సంగతి. పాలసీ క్లెయిమ్స్-మేడ్ రకమైతే, మీరు మానేశాక పాత కేసు మీద ఎవరైనా దావా వేస్తే రక్షణ ఉండదు. దానికి విడిగా కొనే పాలసీయే టెయిల్. అది ఎవరు కొంటారో కాంట్రాక్టులో రాయించుకోండి.

ఒక రాష్ట్రం లైసెన్స్‌తో ఇంకో రాష్ట్రంలో పనిచేయవచ్చా?

మామూలుగా కుదరదు, మళ్లీ దరఖాస్తు చేయాలి. టెలీహెల్త్‌లో కూడా పేషెంట్ ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదే లెక్క. దీన్ని తేలిక చేయడానికి పీఏ కాంపాక్ట్ అనే ఒప్పందం వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఏడో రాష్ట్రంగా వర్జీనియా చేరడంతో అది అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత మరికొన్ని చేరాయి. మీ రాష్ట్రం ఉందో లేదో, అనుమతులు ఇస్తున్నారో లేదో కాంపాక్ట్ కమిషన్ సైట్‌లో చూడండి.

మా అబ్బాయి హెచ్-4 మీద ఉన్నాడు. ఈ దారి అతనికి పనికొస్తుందా?

ఆలోచించి అడుగు వేయాలి. హెచ్-4 అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా. 21 ఏళ్లు నిండితే పిల్లలకు అది పోతుంది, పీఏ కోర్సు మొదలయ్యేది డిగ్రీ తర్వాత. కాబట్టి గ్రీన్‌కార్డు రాకపోతే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదవాలి. చాలా కాలేజీలు పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనే తీసుకుంటాయి, ముందు అది కనుక్కోండి.

సీటొచ్చినా అసలు ఇబ్బంది చదువయ్యాకే. ఈ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు, కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసుకునే అనుమతి, ఏడాదే. ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. ఇటు పరీక్ష రాయాలి, రాష్ట్రం లైసెన్స్ ఇవ్వాలి, ఆపైన ఆస్పత్రి, ఇన్సూరెన్స్ కంపెనీల క్రెడెన్షియలింగ్ (అర్హతల తనిఖీ) పూర్తవ్వాలి. వీటికే కొన్ని నెలలు పోతాయి. కొన్ని రాష్ట్రాలు లైసెన్స్ వారాల్లో ఇస్తాయి, కొన్ని నెలలు తీసుకుంటాయి. వీసా మీద ఉన్నవాళ్లకు రాష్ట్రం ఎంపికలో ఇదే పెద్ద విషయం. యూనివర్సిటీ ఆస్పత్రులకు హెచ్-1బీ లాటరీ ఉండదు, అందుకని వాటిని ముందు ప్రయత్నించాలి.

ఇండియాలో బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చదివాను. అమెరికాలో పనిచేయవచ్చా?

నేరుగా కుదరదు. ఆర్క్-పీఏ అనే సంస్థ గుర్తించిన ప్రోగ్రాంలో చదివినవాళ్లనే ప్యాన్స్ రాయనిస్తారు, అన్ని రాష్ట్రాలూ లైసెన్స్‌కి ఆ పరీక్షే అడుగుతాయి. ఎంబీబీఎస్ చేసినవాళ్లకూ మినహాయింపు లేదు, వాళ్లు కూడా కోర్సు మొదటి నుంచీ చదవాల్సిందే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కార్డియాలజీ విభాగంలో చేసిన అనుభవం సీటు తెచ్చుకునేటప్పుడు దరఖాస్తుకు బలమిస్తుంది, లైసెన్స్‌కి మాత్రం పనికిరాదు. "బీఎస్సీ పీఏతో అమెరికా ఉద్యోగం గ్యారంటీ" అని ఏ కన్సల్టెన్సీ చెప్పినా డబ్బు కట్టకండి.

ఇండియాలోనే కొనసాగాలనుకుంటే, 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో మొదలైన ఈ వృత్తికి 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంతో గుర్తింపు దొరికింది. దాని షెడ్యూల్‌లో ఫిజీషియన్ అసోసియేట్, అసిస్టెంట్ పేర్లున్నాయి. రిజిస్ట్రేషన్ రాష్ట్ర కౌన్సిళ్ల ద్వారా జరగాలి, కాబట్టి మీ కాలేజీ కోర్సు ఆ చట్టం కింద గుర్తింపు పొందిందో లేదో చేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.